మూడు సాక్షి చెట్లు

వెర్నా కోల్‌బర్న్ మెట్లెక్కి తలుపు తోసేలోపే ఆమె బూట్ల పేడ వాసన లోపలికి వచ్చి కూర్చుంది. కింద ఇనుప సామాన్ల దుకాణం, పైన అగస్టా బిక్స్‌బీ డిటెక్టివ్ ఆఫీసు. ఆ ఆఫీసుకి వచ్చేవాళ్ళు సాధారణంగా బూట్లు తుడుచుకుని, గొంతు సవరించుకుని, అటూ ఇటూ చూసి మొదలుపెడతారు. ఈమె అవేవీ చెయ్యలేదు. చేతిలో నలిగిన ఉత్తరాన్ని బల్ల మీద పెట్టి అరచేత్తో చరిచింది.

కిటికీ దగ్గర కూర్చుని డోనట్‌ని కాఫీలో ముంచుకుంటున్న రేనాల్డ్ గోకీకి ఆ వాసన కొత్తేమీ కాదు. మోకాళ్ళు మొరాయించేదాకా ఇరవై ఆరేళ్ళు వెర్మాంట్ కొండల్లో పాల ట్యాంకర్ తోలిన మనిషి. వాసన చూసి అవి జెర్సీ ఆవులని కూడా చెప్పగలడు.

"కూర్చో వెర్నా," అన్నాడు.

"కూర్చోడానికి రాలేదు రేనాల్డ్. దొంగని పట్టేది నువ్వా, ఈవిడా?"

"ఆవిడే. నేను కారు తోలతాను."

అగస్టా బిక్స్‌బీ ఉత్తరం అందుకుంది. అరవై దాటిన పొడుగాటి మనిషి. పూర్వం బీమా కంపెనీ తరఫున కాలిపోయిన పశువుల కొట్టాల బూడిద జల్లెడ పట్టి, అగ్గిపుల్ల గీసిన చెయ్యి ఎవరిదో తేల్చేది. ఆవిడ ఒక కాగితాన్ని రెండుసార్లు చదివితే ఆ కాగితంలో లేనిది కూడా చదివేస్తుందని గోకీ నమ్మకం. ఇప్పుడూ రెండుసార్లు చదివింది.

"మీ పొలం ఉత్తరపు మూల అర ఎకరం మేర పై మట్టి తవ్వి తీసేశారంటున్నారు."

"అంటున్నారు. మా ఆయన వారెన్, నేనూ సాగు భూముల్ని కాపాడే ఈ ట్రస్టు వాళ్ళకి సంతకం పెట్టిచ్చి పధ్నాలుగేళ్ళయింది. ఆ నేల మీద ఇల్లు లేవకూడదు, మట్టి కదలకూడదు, రేపు ఎవడి చేతికి పోయినా సాగు నేలగానే ఉండాలి. ఏటా మే నెలలో వాళ్ళ మనిషి వస్తాడు, హద్దులన్నీ కాలినడకన తిరుగుతాడు, ఫోటోలు తీస్తాడు. పధ్నాలుగేళ్ళలో ఒక్క మాట పడలేదమ్మా నేను."

"మీరు ఆ మూలకి చివరగా ఎప్పుడు వెళ్ళారు?"

వెర్నా మొహం గంటు పెట్టుకుంది. "నాలుగేళ్ళయింది. వారెన్ పోయిన ఏడే నా తుంటి విరిగింది. కొండ దాటి అవతల ఉంటుంది అది. ఆ మూల ఎప్పుడూ వారెన్‌దే. ఉత్తరం వచ్చాక ట్రాక్టరు మీద పడుతూ లేస్తూ వెళ్ళి చూశాను. మట్టి చర్మం వలిచినట్టు వలిచేశారు. హద్దు కడ్డీ ఉంది, దాని చుట్టూ మూడు చెట్లూ ఉన్నాయి, మట్టి లేదు."

"ట్రస్టు బోర్డు ఎప్పుడు కూర్చుంటుంది?"

"పది రోజుల్లో. నేనే అమ్ముకున్నానని తేలిస్తే కోర్టుకి లాగుతారు, నా చేతే మళ్ళీ మట్టి పోయిస్తారు. నలభై ఆవుల్నీ తోలేస్తే గానీ అది జరిగే పని కాదు. ఆవులు పోయాక నేను పొలానికెందుకు, పొలం నాకెందుకు?"

"చేసిందెవరో తెలిస్తే ఏం చేస్తారు?"

"వాడు తీసిన మట్టి వాడి చేతే తినిపిస్తాను," అంది వెర్నా, పాలు పితికే వేళయిందన్నంత మామూలుగా.

*

మర్నాడు పొద్దున్నే ట్రస్టు తరఫున తనిఖీ చేసిన ఫీబీ వైకాఫ్ వాళ్ళని ఆ మూలకి తీసుకెళ్ళింది. ముప్పై ఐదేళ్ళుంటాయి. చంకలో రెండు లావుపాటి ఫైళ్ళు, మెళ్ళో కెమెరా. తప్పు చేసినవాళ్ళని పట్టుకున్న గర్వం కంటే, పట్టుకోవలసి వచ్చిందన్న బెంగే మొహంలో ఎక్కువ కనిపించింది గోకీకి.

వలిచిన నేల అడ్డంగా పడుంది. పచ్చని గడ్డి మధ్య పసుపు రంగు పుండులా ఉంది. దాని మీద మంచు కరిగి పారిన నీళ్ళు కోసిన చారలు సన్నటి జడల్లా దిగిపోయాయి. అవతలి అంచున రాళ్ళ కుప్ప, అందులో ఇనుప కడ్డీ, చుట్టూ మూడు మేపుల్ చెట్లు.

"హద్దు వెంట ఉన్న చెట్లకి గొడ్డలితో ఒక్క గంటు పెడతారు," అంది ఫీబీ. "మూల దగ్గర మాత్రం మూడు చెట్లకి, ఒక్కోదానికి ఒకదాని కింద ఒకటి మూడు గంట్లు, అన్నీ కడ్డీ వైపు చూస్తూ. వాటినే సాక్షి చెట్లంటారు. గంటు మీద నీలం రంగు. ఎనభై ఏడు అక్టోబరులో సర్వే చేసినప్పటి కాగితంలో ఎలా రాశారో ఇక్కడ అలాగే ఉంది చూడండి."

అగస్టా ఒక గంటులో వేలు పెట్టి అంచు చుట్టూ తిప్పింది. బల్ల మూలలా పదునుగా ఉంది. నీలం రంగు మీద ఎవరో మట్టి పామినట్టుంది.

"గోకీ, నీ గడ్డం మీద మచ్చ ఎప్పటిది?"

"ట్యాంకర్ మూత తగిలిందండీ. డెబ్బై తొమ్మిదిలో."

"మానిందా?"

"మానకపోతే ఈపాటికి చచ్చుండేవాణ్ణి కదండీ."

"అదే," అని ఆవిడ గంటులోంచి వేలు తీసింది. తర్వాత ఫీబీ వైపు తిరిగింది. "ఇది మీకు మొదటి ఏడా?"

"ఈ రెండు పొలాలకీ మొదటిసారే. ముందాయన పోయిన వేసవిలో రిటైరయ్యారు. ఆయనకైతే కళ్ళు మూసుకున్నా దారి తెలిసేది."

"రెండు పొలాలా?"

"పక్కన లిన్‌వుడ్ స్ప్రేగ్ గారిది కూడా మా ట్రస్టు ఒప్పందం కిందే ఉంది. ఆ రోజు ముందు ఆయనది తిరిగాను. ఆయనే హద్దు వెంట ఇక్కడిదాకా తోడొచ్చి, 'ఇదిగో మూల, ఇక్కణ్ణించి ఆవిడది' అన్నారు. అప్పుడే ఈ తవ్వకం కంటబడింది."

"మొదటి రికార్డులో ఈ కడ్డీ దగ్గర నిలబడి తీసిన ఫోటో ఉండాలి."

ఫీబీ ఫైలు తెరిచింది. పాత ఫోటోలో కొండ సందులోంచి ఊరి చర్చి శిఖరం సూదిలా తెల్లగా నిలబడి ఉంది. పక్కన ఈ ఏడాది ఫోటో అంటించింది. అందులో శిఖరం లేదు.

"చెట్లు పెరిగి మూసేశాయనుకున్నాను," అంది ఫీబీ.

అగస్టా పాత ఫోటోని కళ్ళ ఎత్తున పట్టుకుని, వలిచిన నేల మీదుగా వెర్నా పొలం వైపు పక్కకి నడిచింది. గోకీ లెక్కపెట్టాడు. ముప్పయ్యో అంగ దగ్గర ఆగింది. వలిచిన నేల సరిగ్గా అక్కడితో అయిపోతుంది. ఎక్స్‌కవేటర్ బకెట్ పళ్ళు లోతుగా దిగిన మూడు గుంటలు ఆవిడ కాళ్ళ దగ్గరున్నాయి.

"గోకీ, ఇక్కడో కర్ర పాతు."

పాతి, తలెత్తి చూశాడు. కొండ సందులోంచి చర్చి శిఖరం అతని కళ్ళల్లోకే చూస్తోంది.

*

లిన్‌వుడ్ స్ప్రేగ్ మేపుల్ చెట్ల రసం పాకం కాచే పాక ముందు పెనం బోర్లించి గీకుతున్నాడు. సీజను అయిపోయింది. డెబ్బై ఏళ్ళ మనిషి, నిటారుగా ఉంటాడు. ఎక్స్‌కవేటర్ తోలి ఊళ్ళో సగం పునాదులు తవ్వినవాడు.

"వెర్నా పంపిందా మిమ్మల్ని? రేనాల్డ్ కూడా వచ్చాడే. పాలు మానేసి పోలీసువయ్యావా?"

"పాలల్లో నీళ్ళున్నాయో లేదో చూసేవాణ్ణి. ఇప్పుడూ అదే పని," అన్నాడు గోకీ.

"లారీలు చూశారని ట్రస్టు వాళ్ళకి చెప్పారట," అంది అగస్టా.

"చూశానమ్మా, ఉన్నమాట చెప్పాను. ఏప్రిల్ మొదటి వారం. మట్టి నింపుకుని మూడు రోజులు ఆవిడ రోడ్డు మీద దిగాయి. అవతల గాల్విన్ సెలవు బంగళాలు కడుతున్నాడు కదా, వాడికి పచ్చిక కావాలి. ఆవిడకి మరి ఏం కావాలో ఆవిడకే తెలియాలి."

"మీకు ఆవిడ మీద కోపమా?"

"నాకెవరి మీదా కోపం లేదు. పదేళ్ళుగా ఆవిడతో మాట లేదు, అంతే. మాట లేకపోతే కోపమున్నట్టా?"

పాక పక్కనే కట్టెల కొట్టం. గోడ కట్టినట్టు నేరుగా పేర్చిన కట్టెలు, ఒక్కటి కూడా తల బయటపెట్టకుండా. అగస్టా చేత్తో తడిమి, "మంచి కట్టె," అంది.

ఆ ఒక్క మాటకి లిన్‌వుడ్ మొహం విచ్చుకుంది. "గట్టి మేపులమ్మా. పోయిన ఆకురాలు కాలంలో కొట్టాను. ఇప్పుడు పచ్చిది. వచ్చే వసంతానికి ఆరి గంటలా మోగుతుంది. నిప్పంటే అదీ నిప్పు."

పేర్చిన కట్టెల చివర చీల్చని దుంగలు అయిదారు విడిగా పడున్నాయి. వాటిలో కొన్నిటికి ఒక పక్క బెరడు చెక్కేసి ఉంది, కూరగాయ తొక్క తీసినట్టు. ఇంటి వెనక, దారి పక్కన, నలుచదరపు మడిలో గోధుమలాంటి రై పైరు మోకాలెత్తు పెరిగి నల్లగా నిగనిగలాడుతోంది. చుట్టూ పొలమంతా ఇంకా నిద్ర లేవలేదు.

కారెక్కాక గోకీ ఆ మడినే అద్దంలో చూస్తూ తోలాడు. మంచు కరిగే బురద నెల ఇంకా పూర్తిగా పోలేదు. కారు గాడిలోంచి గాడిలోకి ఊగుతోంది.

"ఆ రై వేసిన చోట మొన్నమొన్నటిదాకా ఇంటి పునాది గొయ్యి ఉండేదండీ," అన్నాడు చివరికి. "పన్నెండేళ్ళ కింద లిన్‌వుడ్ అక్కడ ఇల్లు కట్టాడు. వాళ్ళావిడ డెల్లాకి లోయ కనపడాలని పెద్ద కిటికీ పెట్టించాడు. ఒప్పందంలో ఇంటికని వదిలిన స్థలం వేరే ఉంది. ఇతను దాన్ని కాదని మంచి నేల మీద కట్టాడు. ఎవరో ట్రస్టుకి ఉత్తరం రాశారు. కోర్టు కూల్చమంది. కూల్చారు. ఆ చలికాలమే డెల్లా పోయింది, జబ్బుతో. గొయ్యి మాత్రం అలాగే ఉంచాడు. పాల ట్యాంకర్‌లో వెళ్తూ రోజూ చూసేవాణ్ణి. పూడ్చు లిన్‌వుడ్ అంటే, పూడ్చను, చూసినప్పుడల్లా గుర్తు రావాలి అనేవాడు."

"ఉత్తరం రాసిందెవరని అతని అనుమానం?"

"అనుమానం కాదండీ, నమ్మకం. వెర్నా, వారెన్. పాము పగ పన్నెండేళ్ళంటారు. ఇంకా రెండేళ్ళు మిగిలే ఉన్నాయి."

అగస్టా నవ్వలేదు. "ఏప్రిల్‌లో ఈ రోడ్డు మీద మట్టి లారీ దిగగలదా?"

గోకీ కారు టక్కున ఆపాడు. ఇంత చిన్న సంగతి తనకి తట్టనందుకు సిగ్గేసింది. "దిగలేదండీ. బురద నెలలో ఈ రోడ్డు మీద బరువు బళ్ళు నడపకూడదని బోర్డు కడతారు. పాల ట్యాంకర్‌నే సగం నింపి పంపేవాళ్ళు. మట్టి లారీ దిగితే ఇరుసు దాకా కూరుకుపోవాలి. ఆ గాడి వేసవి దాకా చావదు. రోడ్డు మీద అలాంటిదేం లేదు."

"అంటే మట్టి రోడ్డెక్కలేదు. తవ్విన నేల మీద మంచు నీళ్ళ చారలు చూశావు కదా, మంచు పడకముందే తవ్వారు. ఇంకోటి చెప్పు. పాకం కాచేవాడు బతికున్న గట్టి మేపుల్‌ని కట్టెల కోసం కొడతాడా?"

"కొట్టడండీ," అన్నాడు గోకీ నెమ్మదిగా. "పాలిచ్చే ఆవుని కూరకి కోసినట్టు."

*

ఆ సాయంత్రం గాల్విన్‌ని కలిశారు. కొత్త పచ్చిక మీద బూటు చప్పుడు వినిపించకుండా నడిచే మనిషి. "మట్టి నది అవతలి రాష్ట్రం నుంచి, పెద్ద రోడ్డు మీద తెప్పించాను. కాగితాలున్నాయి," అన్నాడు. "ఆవిడ నేల నాకు ఊరికే ఇచ్చినా వద్దు. కోళ్ళ గూడు కట్టాలన్నా నూరు సంతకాలు." ఇల్లు కట్టుకోలేని నేల కోసం గాల్విన్ పగపట్టడని అగస్టా అతన్ని అక్కడే వదిలేసింది. మర్నాడు గోకీతో కలిసి రోడ్డు పక్క రాతి గోడ నుంచి కడ్డీ దాకా టేపు పట్టించింది. సర్వే కాగితానికీ నేలకీ తొంభై అడుగుల తేడా వచ్చింది.

ఆ రాత్రి భోజనం వేళకి ముందే అగస్టా వెర్నా ఇంటికి వెళ్ళి, చేసిందెవరో చెప్పింది. వెర్నా బల్ల మీద చేతులు ఆనించింది. లేచి, అల్మరా పై అరలోంచి పిండి డబ్బా దించి, దాని అడుగున చెయ్యి పెట్టి ఏదో ఉందో లేదో తడుముకుంది. మళ్ళీ మూత పెట్టేసింది.

*

గురువారం పొద్దున్న సన్నగా వాన. ఫీబీ ఒప్పందం ప్రకారం లిన్‌వుడ్‌కి రెండు రోజుల ముందే నోటీసు ఇచ్చింది: పొలం మళ్ళీ తనిఖీ చేస్తాం, హద్దు గొడవ గనక పక్క రైతునీ పిలుస్తాం. అలా అందరూ అతని పాకలోనే కూడారు. గాల్విన్‌ని పిలిస్తే రాడనుకున్నారు గానీ, తన పేరు అనవసరంగా వాడారని తెలిసి ముందుగానే వచ్చి కూర్చున్నాడు.

"కాఫీ ఇస్తానేమో అనుకోకండి," అన్నాడు లిన్‌వుడ్.

"మాకు మట్టి కథ చాలు," అంది అగస్టా. నిలబడే చెప్పింది. "స్ప్రేగ్ గారూ, పత్రంలో రాసిన మూలకీ ఇప్పుడు కడ్డీ ఉన్న చోటికీ తొంభై అడుగుల తేడా. కడ్డీ మీ వైపుకి జరిగింది. అంటే వలిచిన అర ఎకరం వెర్నా గారిది కాదు. మీది."

ఫీబీ ఫైలు మీద చెయ్యి బిగిసింది. తను చెట్టు నుంచి చెట్టుకి నడిచిందే గానీ టేపు పట్టలేదు. ఎవరూ పట్టరు.

లిన్‌వుడ్ తొణకలేదు. ఈ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు నవ్వాడు. "నాదేనా? అయితే ఇంకా మంచిది. సర్వే అయిన మర్నాడే వారెన్ కోల్‌బర్న్ కడ్డీ పీకి నా వైపు పాతుకున్నాడన్నమాట. పధ్నాలుగేళ్ళు నా గడ్డి మేపుకున్నారు. ఇప్పుడు పెళ్ళాం ఆ మట్టి కూడా అమ్ముకుంది. మొగుడు హద్దు దొంగ, పెళ్ళాం మట్టి దొంగ. గంతకి తగ్గ బొంత."

వెర్నా కుర్చీలోంచి లేచింది. అగస్టా ఆమె మోచేతి మీద చెయ్యి వేసి ఆపింది.

"వారెన్ సర్వే మర్నాడే జరిపాడంటున్నారు. మంచిది, ఈ మాట అందరూ విన్నారు. కొత్త కడ్డీ దగ్గర చెట్ల మీద గంటు అంచులు ఇంకా పదునుగా ఉన్నాయి. చెట్టు గాయం మనిషి గాయంలాంటిదే, ఏటేటా అంచు నుంచి మూసుకుంటూ వస్తుంది. పధ్నాలుగేళ్ళ గంటు అయితే బెరడు కప్పేసి ఉండాలి. అవి పోయిన ఏడాది గంట్లు."

"మళ్ళీ చెక్కుంటారు. రంగు పోతే చెక్కుతారు."

"సరే. మరి అసలు సాక్షి చెట్లు మూడూ ఏమయ్యాయి?"

"నాకేం తెలుసు?"

"మీ కొట్టంలో ఉన్నాయి. గోకీ."

గోకీ ఆ క్షణం కోసమే ఎదురుచూస్తున్నాడు. కొట్టం చివరి నుంచి బెరడు చెక్కిన దుంగ ఒకటి ఎత్తుకొచ్చి మొద్దు మీద నిలబెట్టాడు. "రంగు బెరడు మీద ఉంటుందనుకుని బెరడు చెక్కేశావు లిన్‌వుడ్. కట్టెకి తొక్క తీసేవాణ్ణి నా జన్మలో నిన్నే చూశాను. మిగతావి చీల్చి పేర్చావు, ఇవి మాత్రం పీచు మెలితిరిగి చీలక పక్కన పడేశావు. ఎందుకు మెలితిరిగిందో చూద్దామా?"

చీలిక పెట్టి సమ్మెటతో నాలుగు దెబ్బలు వేశాడు. మోకాలు కలుక్కుమంది గానీ అయిదో దెబ్బకి దుంగ నోరు తెరిచింది. లోపల, తెల్లటి చెక్క నడుమ, అరచెయ్యంత నున్నటి మచ్చ. గొడ్డలి వాతలు స్పష్టంగా ఉన్నాయి. దాని కింద ఇంకొకటి. రెండిటి మీదా నీలం రంగు, నిన్న పూసినట్టు. మూడోది పక్క దుంగలో దొరికింది. రెండు దుంగల్నీ కలిపితే గీత గీతకి అతికింది.

 రేకు మీద వాన చప్పుడు వినిపిస్తోంది.

అగస్టా సూది మొనతో గాయం అంచు నుంచి బెరడు దాకా వలయాలు పైకే లెక్కపెట్టింది. పధ్నాలుగు. "ఏడాదికో వలయం. ఎనభై ఎనిమిది వేసవి నుంచి పోయిన వేసవి దాకా. మీరు దొంగ అన్న మనిషి నాలుగేళ్ళ కిందే పోయాడు. ఈ చెట్టు పోయిన వేసవి దాకా అసలు మూలలో నిలబడి సాక్ష్యం చెబుతూనే ఉంది. పోయిన ఆకురాలు కాలంలో కొట్టానని మీ నోటితో మీరే చెప్పారు. పాత తనిఖీ మనిషి రిటైరయ్యాడు, వెర్నా గారు కొండెక్కలేరు, కొత్తామెకి మూల తెలియదు. కడ్డీ జరిపారు, చెట్లు కొట్టారు, మొదళ్ళు ఎక్స్‌కవేటర్‌తో పెకలించారు, మీ మట్టే మీరు వలిచారు. ఆ మట్టి ఏ రోడ్డూ ఎక్కలేదు. పదేళ్ళు పూడ్చనన్న గొయ్యి పోయిన శరత్తులో పూడ్చి, పైన రై జల్లారు."

గాల్విన్ నెమ్మదిగా ఈల వేశాడు. "ఆ కట్టెలు అడవిలోనే తగలేసి ఉంటే పోయేది కదయ్యా."

"పచ్చి కట్టె అంటుకోదు," అన్నాడు గోకీ. "పైగా గట్టి మేపుల్. దాన్ని కుళ్ళబెట్టడానికి మన కొండల మీద ఎవడికి చేతులొస్తాయి?"

లిన్‌వుడ్ తెరిచిన దుంగ వైపే చూస్తున్నాడు. 

"అవును, నేనే. డెల్లా ఇల్లు కూల్చిన కాగితంతోనే వీళ్ళ ఇల్లు కూల్చాలనుకున్నాను. డెల్లా ఆ కిటికీ దగ్గర పదకొండు నెలలు కూర్చుంది. తర్వాత రేకుల డబ్బాలాంటి అద్దె ఇంట్లో దగ్గుతూ చచ్చిపోయింది. అది చచ్చిపోయినప్పుడు ఈవిడ కేకు చేసి తెచ్చింది. ఉత్తరం రాసిన చేత్తో కేకు. కుక్కకి పెట్టాను."

"ఇది చాలు," అంది అగస్టా ఫీబీతో. "మీ బోర్డుకి ఈ రెండు దుంగలూ పట్టుకెళ్ళండి." తర్వాత గొంతు తగ్గించి, "వెర్నా గారూ, పదండి. పని అయిపోయింది. మీ జేబులోది అక్కర్లేదు," అంది.

వెర్నా కదల్లేదు. కోటు లోపలి జేబులోంచి పిండి అంటిన కవరు తీసింది.

"ఆ కట్టె నీ కేసుకి చాలమ్మా. నాకు చాలదు." లిన్‌వుడ్ దగ్గరికి కుంటుకుంటూ నడిచింది. "నన్నేమన్నా పడేదాన్ని. పదేళ్ళు పడ్డాను. వారెన్ శవం లేచే రోజు నువ్వు గేటు దగ్గర టోపీ కూడా తియ్యలేదు, అదీ పడ్డాను. కానీ పోయినవాణ్ణి పట్టుకుని హద్దు దొంగ అన్నావు. చదువు. ఉత్తరం రాసిన చెయ్యి ఎవరిదో చదివి చెప్పు."

అతను అందుకున్నాడు. మొదటి గీత చూడగానే అతని మొహంలో రక్తం ఇంకిపోవడం గోకీ చూశాడు. ముప్పై ఏళ్ళు దుకాణం చీటీల మీద, క్రిస్మస్ కార్డుల మీద చూసిన చేతిరాతను ఏ మొగుడైనా గుర్తుపడతాడు.

"డెల్లా మా వంటింటి బల్ల మీద రాసింది," అంది వెర్నా. "ఇది మొదట చిత్తుగా రాసుకున్నది. బాగా రాసింది నేను పోస్టులో వేశాను. ఆ నేల వాళ్ళ నాన్నది. ఆయన చావబోతూ సంతకం పెట్టిన నేల. ఇక్కడొద్దు లిన్‌వుడ్, ఇంటికని వదిలిన చోట కట్టు అని నీకు ఎన్నిసార్లు చెప్పిందో నీకు తెలుసు. నీకోసమే కడుతున్నాను అన్నావు. దాని మాట వినకుండా దానికోసం కట్టావు. నా పేరు చెప్పకు వెర్నా, అతను తట్టుకోలేడు అంది. చెప్పలేదు. పదేళ్ళు నీ ఉమ్ము నా మీద పడుతున్నా చెప్పలేదు. ఈ రోజు చెబుతున్నాను. తట్టుకో."

లిన్‌వుడ్ కాగితాన్ని రెండో వైపు తిప్పాడు. అటు ఏమీ లేదు. మళ్ళీ తిప్పాడు. "పోస్టులో వేసేటప్పుడు ఏమంది?" అన్నాడు.

"అతనికి కోపం వస్తుందంటావా అని అడిగింది."

"నువ్వేమన్నావు?"

"వస్తుంది, తగ్గిపోతుందిలే అన్నాను."

*

బోర్డు వెర్నాకి పంపిన ఉత్తరాన్ని వెనక్కి తీసుకుంది. లిన్‌వుడ్ మాత్రం తీసిన మట్టిని పిడికెడు తగ్గకుండా తీసిన చోటే పరవాలి, కడ్డీని దాని చోట పాతాలి. జూన్‌లో రై కోసి, అతనే తన ఎక్స్‌కవేటర్‌తో ఆ గొయ్యి మళ్ళీ తవ్వాడు. అతనికి ఎవరూ సాయం రాలేదు.

వెర్నా రోజూ ట్రాక్టరు మీద కొండెక్కి, అసలు మూలలో పాలు పితికే స్టూలు వేసుకుని కూర్చునేది. పొద్దున పాలు అయ్యాక వచ్చి, సాయంత్రం పాల వేళకి లేచేది. బకెట్ వచ్చి కుమ్మరించినప్పుడల్లా లిన్‌వుడ్ అటు చూసేవాడు కాదు. ఆమె ఇంకోవైపు చూసేది కాదు.

చివరి రోజు అగస్టా, గోకీ కారాపి దిగారు. నేల నల్లగా సమంగా పరుచుకుని ఉంది. అవతల, ఇల్లుండిన చోట, గొయ్యి నాలుగు పక్కలా పునాది రాళ్ళతో నోరు తెరుచుకుని ఉంది. ఫీబీ వెర్నా పక్కన నిలబడి ఏదో అడుగుతోంది.

"గుట్ట మీది కంకర ఉందట, దానితో ఆ గొయ్యి పూడ్చుకోవచ్చా అని స్ప్రేగ్ గారు అడుగుతున్నారు. మాకు అభ్యంతరం లేదు. మీ హద్దు పక్కనే కాబట్టి మీ మాట కూడా కాగితం మీద రాయాలి."

లిన్‌వుడ్ యంత్రం ఆపి, ఇంజను చప్పుడు లేని నిశ్శబ్దంలో, మొదటిసారి వెర్నా వైపు చూశాడు. అడగలేదు. చూశాడంతే.

వెర్నా స్టూలు ఎత్తి చంకన పెట్టుకుంది.

"అభ్యంతరం ఉందని రాయి," అంది. "దాన్ని అలాగే తెరిచి ఉండనీ. చూసినప్పుడల్లా గుర్తు రావాలి అనేవాడుగా."

ట్రాక్టరు కొండ దిగిపోయింది. అగస్టా కారెక్కి తలుపు వేసుకుంది. ఏదైనా అంటుందేమోనని గోకీ కాసేపు తాళంచెవి తిప్పకుండా చూశాడు.  దారి మలుపు తిరిగేలోపే ఆవిడ గొయ్యి ఉన్న వైపు కిటికీ అద్దం పైకి ఎత్తేసింది.